మా చిట్టి రేకు అతికిన అంబాసిడర్

చిట్టీ, నీ గురించి అందరికీ చెప్పబోతున్నాను. నువ్వుంటే "ఎక్కువ చెప్పకమ్మా" అని నా నోరు మూసేదానివి.

మా బిడ్డను ప్రభువు పిలుచుకున్నాడు. డెంగీ జ్వరమని దవాఖానకు తీసుకుపోయాం. ఒక ఆదివారం పొద్దున, మీరంతా మందిరంలో పాటలు పాడుతున్న వేళకు, వెళ్ళిపోయింది. ఆ కబురు విని పాట మధ్యలో లేచి వచ్చినవాళ్ళు మీలోనే ఉన్నారు. మీ చేతులు పట్టుకుని ఏడ్చింది నాకు గుర్తుంది.

ఈ ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళకు ఇచ్చే చిన్న పుస్తకంలో బిడ్డ గురించి ఎవరితో రాయిద్దామని పాస్టరయ్య అడిగారు. నేనే రాస్తానన్నాను. ఏడుపు రాయను. అది మీరు చూశారు. మా ఇంటి పక్కన రేకుల పందిరి కింద ఆమె చేసిన పని మాత్రం మీలో చాలామంది చూడలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు. అందుకే చెబుతున్నాను.

మా బిడ్డ ఎయిర్‌పోర్టులో సామాన్ల బండి నడిపేది. విమానంలోంచి దించిన పెట్టెలను, ఒకదాని వెనక ఒకటి తగిలించిన ట్రాలీలలో లాక్కుపోయే చిన్న ట్రాక్టర్ అది. డ్యూటీ నుంచి వస్తే చేతులకు గ్రీజు, మొహం నిండా నవ్వు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు కనిపించినా వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేది. నీళ్ళ ట్యాంకు, తలుపు, పుచ్చకాయ, బియ్యం డబ్బా, అన్నీ తట్టేది. ఒకరోజు నేను గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి నా వీపు మీద తట్టింది.

"గట్టిగనే ఉన్నవమ్మా. ఇంకా చాన ఏండ్లు నడుస్తవు" అన్నది.

ఇక బండి సంగతి. మా ఆయన పాత ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడిపేవాడు. తెల్ల అంబాసిడర్, సొంతది. ఎయిర్‌పోర్టు మన శంషాబాద్‌కు వస్తుందంటే మాకు మంచి రోజులు వచ్చాయని అందరూ అన్నారు. విమానాలు మా ఇంటి మీదికే వచ్చాయి. ఏసీ లేని అంబాసిడర్‌ను మాత్రం ఎవరూ ఎక్కలేదు. మా ఆయన వేరేవాళ్ళ కార్లు నడపడానికి పోయాడు. సొంత బండి సాతంరాయిలో మా ఇంటి పక్కన నిలబడిపోయింది. వానలకు తడిసింది. కోళ్ళు వెనక సీటులో గుడ్లు పెట్టాయి. ఆయన అటువైపు చూడడమే మానేశాడు. గేటుకు పోయే దారి బండి పక్క నుంచే కాబట్టి, బయటికి పోవాలంటే ఇల్లు చుట్టి వెనక సందులోంచి పోయేవాడు.

పోయిన ఎండాకాలం మొదట్లో పాత ఇనుము కొనే అతను టెంపో వేసుకుని వచ్చాడు. మా ఆయనే రమ్మన్నాడు. బిడ్డ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బండికి అడ్డం నిలబడింది.

"బాపు, దీన్ని ఎందుకు ఇస్తున్నవు?"

"ఏమున్నది బిడ్డా అండ్ల? రంగు తప్ప అంత తుప్పే."

"తుప్పు కోసి కొత్త రేకు అతుకుత. నువ్వు ఇంజన్ చూసుకో."

"సామాన్ల బండి నడిపినంత మాత్రాన డెంటర్ అయితవా?"

"కాకపోతే నేర్చుకుంట."

టెంపో అతను తొందరపెట్టాడు. "అన్నా, జర జల్ది చెప్పు. నేను కందుకూరు దాక పోవాలె."

మా ఆయన చివరికి అన్నాడు. "సరే. మొదటి వాన పడ్డనాడు చూస్త. లోపట ఒక్క చుక్క నీళ్ళు కనబడ్డా తెల్లారి బండి పోతది. అప్పుడు ఏడ్వొద్దు."

"ఏడ్వ. ఆ వానల నువ్వే డ్రైవర్ సీట్ల కూసుంటవు, చూడు."

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. బిడ్డ బండి మీద రేకుల పందిరి వేయించింది. మొదటి రోజే బండిలో కింద పరిచిన చాపలు పీకి లోపల అడుగు పెట్టింది, కాలు నేలలోంచి దూసుకుపోయి మట్టికి తగిలింది. నేను గుండెలు పట్టుకుని పరుగెత్తాను. బిడ్డ రెండో కాలు కూడా దింపి, బండిలోనే నిలబడి నవ్వుతోంది.

"అమ్మా, పెట్రోల్ ఖర్చు లేదు. నడుచుకుంటనే తీస్కపోవచ్చు."

సెలవు రోజుల్లో మైలార్‌దేవ్‌పల్లిలో ఒక ముసలి డెంటింగ్ మేస్త్రి దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఆయన చెప్పిన మాట ఇంటికి వచ్చి నాకు అప్పజెప్పేది. "తుప్పు మీద అతికితే అతుకు నిలవదు బేటీ. మంచి ఇనుము దొరికేదాక కొయ్. దొరికినంక ఆగు. ఆగుడు కూడ పనే." బండి చుట్టూ తిరుగుతూ తట్టేది. మొద్దుగా మోగిన చోట సుద్దముక్కతో గీత గీసేది. కణకణ మోగిన చోటు వదిలేసేది. గీసిన గీతలు చూస్తే నాకు భయమేసింది. నేల మొత్తం, తలుపుల కింద పొడుగునా ఉండే గడపలు, డిక్కీ అడుగు, అన్నీ సుద్దే. ఆమె మొహం చూస్తే మాత్రం పండగకు బట్టలు కొనుక్కున్నట్టు ఉంది.

కోసిన చోట సరిపోయేలా ముందు అట్ట కత్తిరించాలి. ఆ అట్టను రేకు మీద పెట్టి గీసి, రేకు కోయాలి. అట్టకు ఆమె వెతుక్కున్నది పెండ్లి కార్డులు. గట్టిగా ఉంటాయి, వంచితే వంగుతాయి. ఊరంతా ఇచ్చిన కార్డులు మా అల్మారాలో ఎప్పుడూ ఉంటాయి కదా. పక్కింటి వదిన ఒకరోజు గోడ మీదుగా చూసి ఊరుకోలేదు.

"ఏందే పిల్లా, మా మరిది పెండ్లి కార్డు గిట్ల ముక్కలు చేస్తున్నవు?"

"పెండ్లికి వచ్చి తిన్నం గద అత్తా. ఇగ కార్డుతోని ఏం పని?"

"నీ కార్డు ఎప్పుడు కొట్టిస్తవు మరి?"

"నాది మంచి మందంగ కొట్టిస్త. డిక్కీ అడుగుకు పనికొస్తది."

వదిన నవ్వలేక గోడ పట్టుకుంది. సాయంత్రం తన దగ్గర ఉన్న కార్డులన్నీ తెచ్చి ఇచ్చింది.

వెల్డింగ్‌తో రేకు అతకడం ఒకే వరుసన చేయకూడదట. వేడికి అప్పడంలా వంకర పోతుందట. ఇక్కడ ఒక చుక్క, ఆగి అటువైపు ఒక చుక్క. అది చూసి నేను, "మేము బొంత కుట్టేటప్పుడు గూడ ముందు నాలుగు మూలలకు టాకాలేస్తం, ఆ తర్వాతనే మధ్యల కుడతం" అన్నాను. బిడ్డ మొహం మీది అద్దం పైకెత్తి నన్ను చూసింది.

"గంతే అమ్మా. నువ్వు పుట్టు డెంటర్‌వి. పట్కారు తెచ్చి ఈ మూల పట్టుకో."

అన్నం గిన్నె దించే పట్కారుతో నేను రేకు పట్టుకున్నాను, మొహం పక్కకు తిప్పుకుని. నిప్పురవ్వలు రాలుతుంటే నాకు భయం పోయి సరదా పట్టుకుంది. పొయ్యి మీద పప్పు మాడిన రోజులున్నాయి. ఒక్కో ముక్క అతికాక ఆమె తట్టేది. కణకణ మోగేది. "విన్నవా?" అనేది. సరిగ్గా అప్పుడే మీద నుంచి విమానం పోయేది. ఆ మోత ఆగేదాకా ఇద్దరం ఆగి, మళ్ళీ తట్టి వినేవాళ్ళం.

మా ఆయన ఇంజన్‌ను మెకానిక్‌కు అప్పగించాడు గాని బండిని మాత్రం ముట్టలేదు. ఇంకా వెనక సందులోంచే పోతున్నాడు. మే నెల పోయింది. ఆకాశంలో మబ్బు కనిపిస్తే సుద్ద గీతలు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేదాన్ని.

ఆఖరి ముక్క అతికిన రోజున ఆమె గరుకు కాగితంతో నేల, గడపలు మొత్తం రుద్ది వెండిలా చేసింది. తెల్లారి డ్యూటీ నుంచి వచ్చాక, తుప్పు పట్టకుండా రంగుకు ముందు వేసే ప్రైమర్ కొడతానని చెప్పింది. మరునాడు పొద్దున్నే ఆమె పోయాక, బయట బకెట్ చప్పుడైంది. చూస్తే మా ఆయన, లుంగీ పైకి కట్టి, బండి కడుగుతున్నాడు. టాక్సీ నడిపిన రోజుల్లో బోణీకి ముందు బండి కడగకుండా ఆయన ఏనాడూ కదల్లేదు. అదే చేయి, అదే బట్ట. పైకప్పు నుంచి మొదలుపెట్టి లోపల నేల దాకా చెంబులతో నీళ్ళు పోస్తున్నాడు. ఆయన ఆ బండిని ముట్టడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. అట్లాగే నిలబడి చూశాను.

మధ్యాహ్నానికి వెండి పోయింది. రేకు మొత్తం చాయ్ రంగుకు తిరిగింది.

బిడ్డ వచ్చి చూసింది. మా ఆయన బకెట్ పక్కనే నిలబడి ఉన్నాడు, పొద్దటి నుంచి కదలలేదు.

"కడిగినవా బాపు?"

"కడిగిన బిడ్డా. మంచిగ మెరుస్తుంటే చేతులు ఆగలే. గిట్లయితదని నాకేం ఎరుక?"

"రంగు లేని రేకు బాలింత లెక్క బాపు. తడి తగలొద్దు."

ఆయన మబ్బుల వైపు చూశాడు. "వాన గడువు పెట్టింది నేనే. ఆ వాన చేసే పని గూడ నేనే చేసిన."

బిడ్డ గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పోనీ బాపు. ముట్టినవు గద" అన్నది.

పైపైన పట్టిన తుప్పే కాబట్టి నేను చింతపండు నానబెట్టాను. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చేది తుప్పును వదులుతుందా అని అందరికీ అనుమానమే. ముగ్గురం కొబ్బరి పీచు పట్టుకుని కూర్చున్నాం. మా ఆయన మోకాళ్ళ మీద వంగి డిక్కీ అడుగు తోముతున్నాడు. వదిలింది. వంట సోడా నీళ్ళతో కడిగి, ఈసారి వెంటనే పొడిబట్టతో తుడిచి, ఎండకు రేకు కాలుతుండగానే బిడ్డ ప్రైమర్ కొట్టింది. ఆ తర్వాత అతుకుల సందుల్లో మైనంలాంటి మందు నింపి, రంగు వేసింది. ఆ రోజు నుంచి మా ఆయన బండి పక్కనున్న దారినే గేటుకు పోయాడు.

మొదటి వాన ఒక సాయంత్రం వచ్చింది. బిడ్డ లోపల నేల మీద పాత పేపర్లు పరిచింది. పందిరి కింద కాదని, ముగ్గురం కలిసి బండిని బయటికి నెట్టి అందులో ఎక్కి కూర్చున్నాం. ఆయన డ్రైవర్ సీటులో, బిడ్డ పక్కన, నేను వెనక. పైకప్పు మీద వాన దంచుతోంది. అరిస్తే తప్ప ఎవరి మాట ఎవరికీ వినపడదు. ముగ్గురం పేపర్ల మీదే చూపు పెట్టాం. వాన ఎంతకూ తగ్గదు. ఆయన వంగి పేపరు మీద అరచేయి పెట్టాడు.

"పొడిగనే ఉన్నది" అన్నాడు.

అప్పుడు నేను చూశాను. నా ఎడమ చేతి పక్కన, వెనక తలుపు అడుగున, ఒక చుక్క. మెల్లగా జారి పేపరు మీద పడింది. బిడ్డ నా చూపు పట్టుకుని వెనక్కి తిరిగింది. మా ఆయన కూడా తిరిగాడు. ముగ్గురం ఆ తడి మచ్చను చూశాం. మాట ఆయనదే కదా. ఒక్క చుక్క కనబడ్డా అన్నాడు.

ఆయన ముందుకు తిరిగి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"ఏ చుక్క? నాకేం కనబడ్త లేదు."

"బాపు, ఆదివారం మందిరానికి పోతవు. అబద్ధం చెప్పకు" అంటూ బిడ్డ ఆయన భుజం మీద తల పెట్టింది. ఆ వానలో నా బిడ్డ ఏడ్చిందో నవ్విందో నాకు వినపడలేదు.

ఆ చుక్కను మాత్రం ఆమె వదల్లేదు. "చుక్కే గద అని ఊకుంటే నేలంత పోతదమ్మా" అని ఆ తలుపు ఊడదీసి, అడుగు కోసి, కొత్త రేకు అతికి, బూడిద రంగు ప్రైమర్ కొట్టి గోడకు ఆనించింది. రంగు వేయాల్సిన వారంలో జ్వరం వచ్చింది.

ఆమె పోయాక, చూస్తే బాధ, అమ్మేయండి అని చుట్టాలు చెప్పారు. మా ఆయన గోడ దగ్గరికి పోయాడు. తలుపు తెచ్చి బిగించుకున్నాడు. మెకానిక్‌తో ఇంజన్ పని పూర్తి చేయించి, బండి కాగితాలు చేయించుకున్నాడు. మొన్నటి పెద్ద వానలో ఆ తలుపు పక్కన సీటులో కూర్చుని, వాన వెలిసేదాకా అక్కడే ఉండి వచ్చాడు. ఆయన చొక్కా పొడిగా ఉంది.

ఈరోజు మందిరం బయట నిలబడ్డ తెల్ల అంబాసిడర్ అదే. ఒక తలుపు బూడిద రంగులో ఉంటుంది, దానికీ రంగు వేయిస్తాం. బస్సుల్లో వచ్చిన పెద్దవాళ్ళను బస్టాండు దాకా ఆయనే దింపుతాడు, మొహమాటపడకండి. ఆ తలుపు వేసేటప్పుడు గట్టిగా కొట్టకండి. వేలితో నెడితే చాలు, తనంతట తాను పడుతుంది.

వంట అయింది. తొందరపడి లేవకండి. కూర్చుని కడుపునిండా తినండి.