గ్రేడ్ త్రీ అన్నారు, స్టేజ్ ఎంతో చెప్పలేదు

శామీర్‌పేటలో బస్సు దిగుతుంటే వెనకామె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, చీరకు మరకైంది. కొంగు కప్పుకో" అంది. నాకు ముట్టు ఆగి రెండేళ్లు దాటింది. అలియాబాద్‌లో మా ఇంటికి చేరేదాకా కప్పుకున్న కొంగు వదల్లేదు.

మేడ్చల్‌లో చూసిన డాక్టరమ్మ, "గర్భసంచి మూతి మీద పుండులా ఉంది" అని సిటీలోని క్యాన్సర్ ఆసుపత్రికి పంపింది. అక్కడ బయాప్సీ చేశారు. ఫలితం చెప్పిన చిన్న డాక్టరు తొందరలో ఉన్నాడు. "క్యాన్సరేనమ్మా. గ్రేడ్ త్రీ. సోమవారం పెద్ద మేడంను కలవండి" అని వెళ్లిపోయాడు.

"మూడంటే ఆఖరుకొచ్చినట్టేనా?" అని మా ఆయన గోడకు ఆనుకున్నాడు. నేను జాకెట్లు కుడతాను. ఇంకా కత్తిరించని బట్టలన్నీ మర్నాడే ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను.

మూడంటే ఆఖరేనా అని సోమవారం అడిగితే, పెద్ద మేడం తల అడ్డంగా ఊపింది. "గ్రేడ్ అంటే కణాలు ఎంత మొండివో చెప్పేది. స్టేజ్ అంటే జబ్బు ఎంత దూరం పోయిందో. అది ఇంకా మాకే తెలియదు. మత్తిచ్చి లోపల చేత్తో చూస్తాం. మూత్రసంచిలోకి, పేగులోకి కెమెరాతో చూస్తాం. కిడ్నీలకు స్కాన్ తీస్తాం."

ఆ మాటతో ధైర్యం రాలేదు. జబ్బు ఇంకెక్కడ బయటపడుతుందోనన్న కొత్త భయం పట్టుకుంది.

పరీక్షలన్నీ అయ్యాక మేడం చెప్పింది: "స్టేజ్ టూ బీ. మూతి దాటి పక్క కండలోకి పాకింది. కటి ఎముక గోడ దాకా పోలేదు. మూత్రసంచి, పేగు, కిడ్నీలు బాగున్నాయి. ఆపరేషన్ చెయ్యం."

మా ఆయన చేతులు జోడించాడు. "ఆపరేషన్ జెయ్యరంటే... ఇగ ఇంటికి తోల్కపొమ్మంటున్నరా మేడం?"

"కాదయ్యా. ఈ స్టేజ్‌కు రేడియేషన్, కీమో. నయం చెయ్యాలనే చూస్తున్నాం."

రోజూ రేడియేషన్, వారానికోసారి కీమో. మధ్యలో రక్తం బాగా తగ్గి కీమో ఆపారు. ఆ రోజుల్లో లోపల అది పాకుతున్నట్టే అనిపించేది. రక్తం ఎక్కించి మళ్లీ మొదలుపెట్టారు. చివర బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచే ఇచ్చే రేడియేషన్. లోపల గొట్టాలు అమర్చి, కదలొద్దని చెప్పి అందరూ బయటికి పోయారు. తలుపు మూసుకున్నప్పుడు ఏడ్వడానికి కూడా భయపడ్డాను, కదులుతానేమోనని.

ఏళ్లు గడిచాయి. చెకప్‌కు పోయినప్పుడల్లా, మేడం గ్లౌజు తీసి "బాగుంది" అనేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, అంకె విని లేచి రాకండి. ఎంతదాకా పాకిందో అడగండి. ఎక్కడికి పోలేదో, అది కూడా అడిగి తెలుసుకోండి.