డాన్యూబ్ గట్టున వడ్ల కుప్ప

మీలో ఎవరైనా యూరప్ చూడాలనుకుంటే ముందే ఒక మాట చెప్తాను. ఇంట్లో వడ్లు తూకమై, లారీ ఎక్కి, మిల్లు చేరిన తర్వాతే టికెట్లు కొనండి. నాకు ఆ తెలివి లేకపోయింది.

నేను ఎల్లారెడ్డిలో సోషల్ టీచర్ని. ఇరవై ఏళ్లుగా గోడ మీది పటంలో బెత్తం పెట్టి పిల్లలకు డాన్యూబ్ నదిని చూపిస్తున్నాను. దాని గట్టు మీద ఒక్కరోజు, ఏ పనీ లేకుండా, మా ఆయనతో కలిసి నడవాలని నా కోరిక. సెలవులు మే నెలలో గానీ దొరకవు. హైదరాబాద్ నుంచి వెళ్లే ఒక బృందంలో పేర్లిచ్చాం. ప్రాగ్, వియన్నా అంతా గైడు జెండా వెనక పరుగే. చివరన బుడాపెస్ట్‌లో మాత్రం ఒకరోజు ఎవరిష్టం వాళ్లదని కాగితంలో రాశారు. ఇన్ని టూర్లలో నేను దీన్ని ఎంచుకున్నదే ఆ ఒక్కరోజు కోసం.

మేం బయలుదేరే ముందే కోత అయింది. కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్ప పోసి, ఆరాక తూకం వేయించమని మా జీతగాడు సాయిలుకు అప్పగించాం. మా కుప్ప పక్కదే మా బావగారిది, అంటే మా ఆయన సొంత అన్న బాల్‌రెడ్డిది. అన్నదమ్ములకు మూడేళ్లుగా మాటల్లేవు. గెట్టు పంచాయితీ. పొలాల మధ్య గెట్టును అన్న ట్రాక్టర్ జానెడు చెక్కేసిందని మొదలైన గొడవ. ఇప్పుడు ఎదురుపడితే ఒకరు కాలువ వైపు చూస్తారు, ఇంకొకరు కరెంటు స్తంభం వైపు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి హోటల్ నుంచి బయటపడ్డాం. రొట్టెలు తిని తిని నోరు చప్పబడి, ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండిలో ఆఖరి ముక్క ఇద్దరం పంచుకున్నాం. ఫోన్ గదిలో పెట్టమని మా ఆయనకు చెప్పాను. "పెట్టిన" అన్నాడు. నాలుగు వీధులు దాటి నది కనబడగానే ఆయన జేబు మోగింది.

నది వెడల్పుగా, బూడిద రంగులో, తొందర లేకుండా పోతోంది. గట్టు వెంట పసుపు పచ్చ ట్రాము గంట కొట్టుకుంటూ వెళ్తోంది. అవతల కొండ మీద కోట. నేను నిలబడి చూస్తున్నాను, మా ఆయన ఫోన్లో ఎవరో పంపిన ఎల్లారెడ్డి ఆకాశం ఫొటో చూస్తున్నాడు.

"మబ్బు పట్టింది. సాయిలు ఫోనెత్తుతలేడు."

"ఎత్తుతడు తియ్యుండ్రి. ముందు నదిని చూడుండ్రి."

"నది ఏడికి పోతది?" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

సాయిలు దోమకొండలో పెళ్లికి పోయాడని అరగంటకు తెలిసింది. మే నెలలో మా దిక్కు మనిషి దొరకాలంటే పెళ్లి పందిట్లో వెతకాలి. అక్కడి నుంచి మొదలైంది మా ఆయన దండయాత్ర. సదాశివనగర్‌లో ఉన్న దోస్తుకు చేశాడు. మహమ్మద్‌నగర్‌లో వరికోత మిషన్ నడిపే అతనికి చేశాడు. ఎరువుల దుకాణానికి చేశాడు. పార్లమెంటు భవనం ఎదురుగా నిలబడి, దానికి వీపు తిప్పి, "టార్పాలిన్ మా కొట్టంల ఉన్నది, తాళం కిటికీల ఉన్నది" అని మొత్తుకుంటున్నాడు.

కొంచెం ముందుకు పోతే గట్టు అంచున ఇనుప చెప్పులు వరసగా ఉన్నాయి. యుద్ధకాలంలో యూదులను అక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నీళ్లలో పడేశారట. వాళ్ల గుర్తుగా పోతపోసి పెట్టారు. పిల్లల చెప్పులు కూడా ఉన్నాయి. ఎవరో వాటిలో పూలు పెట్టి పోయారు. అందరూ మాట్లాడకుండా నిలబడ్డ ఆ చోట మా ఆయన గొంతు ఒక్కటే లేచింది. "కప్పుండ్రి అంటే కప్పుతలేరేంది?" ఒక ముసలామె మా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చేయి పట్టుకుని, బడిలో పిల్లాణ్ని లాక్కుపోయినట్టు లాక్కుపోయాను.

రాతి సింహాలున్న పాత వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు నడిచాం. వంతెన మధ్యలో నిలబడితే రెండు వైపులా నగరం కనిపిస్తుంది. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ఫొటో తీయమని ఫోన్ మా ఆయన చేతికిచ్చింది. తీశాడు, తీస్తూనే తన ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. ఫొటో చూసుకుని ఆ పిల్ల నవ్వింది. తలలు రాలేదట.

అప్పటికి ఆగలేక అడిగేశాను. "బావ కుప్ప పక్కకే ఉన్నది గదా. బావకు ఒక్క ఫోన్ జేయరాదుండ్రి?"

"ఆయనకు నేను జేసుడా? వడ్లు కొట్కపోయినా మంచిదే."

ముక్కు ఏదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించడమంటే ఇదే. కుప్పకు పది అడుగుల దూరంలో సొంత అన్న ఉంటే, ఈయన జిల్లా అంతా తిరుగుతున్నాడు. అదీ డాన్యూబ్ మీద నిలబడి. ఆ వడ్లు మా సంవత్సరం కష్టం. కానీ ఈ మొండితనానికి ఏం మందు వేయను?

పన్నెండున్నరకు ఒక బండి దగ్గర ఆగాం. పళ్లెమంత పూరీ కాల్చి, వెల్లుల్లి రాసి, పైన జున్నులాంటిది చల్లి ఇచ్చాడు. బాగుంది. మా ఆయనకు రుచి తెలిసిందో లేదో దేవుడికెరుక. నది ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. పక్కన కుక్కను పట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. చెప్పేలోగా మా ఆయన లేచి నిలబడి, "ఏందీ, వాన షురువైందా?" అని అరిచాడు. పెద్దాయన కుక్కతో సహా లేచి ఇంకో బెంచీకి వెళ్లిపోయాడు.

ఇక నా వల్ల కాలేదు. మా యారాలికి, అంటే బావగారి భార్యకు, నేనే ఫోన్ చేశాను. మగవాళ్లు మాట్లాడుకోకపోయినా మేమిద్దరం మానలేదు.

"అక్కా, మా వడ్లు..."

"చెల్లె, నీకు దండం పెడత, మీ ఆయనను ఫోన్ బంద్ జేయమను" అంది అక్క. "మధ్యాహ్నం సంది ఆయన ఎవ్వలకు జేస్తే వాళ్లు మీ బావకే జేస్తుండ్రు. సదాశివనగర్ కెల్లి ఒకరు, మహమ్మద్‌నగర్ కెల్లి ఒకరు, పెండ్లి పందిట్ల కెల్లి సాయిలు. అందరిది ఒకటే మాట, మీ తమ్ముని కుప్ప మీద కవర్ కప్పుమని. ఈయనకు బువ్వ తిన సందు లేదు."

"మరి బావ కప్పిండా?"

"మొదటి ఫోన్ రాకముందుకే కప్పిండు. మబ్బు జూసుడుతోనే ఇంట్ల ఉన్న కవర్లన్నీ ఏసుకపోయిండు. ముందుగాల మీది కప్పి, మిగిలింది మాదాని మీద ఏసిండు. మాది ఒక దిక్కు నానింది. నేను చెప్పిన అనకు, నన్ను తిడతడు."

చెప్పకుండా ఎలా ఉంటాను? ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన చెవి దగ్గరి ఫోన్ దించాడు. తర్వాత, "మనది తడవలేదా?" అన్నాడు.

"లేదు."

"అన్నది ఎంత నానిందట?"

మూడేళ్లలో ఆయన నోట అన్న అనే మాట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ మాట పొద్దున తొమ్మిదింటికి అని ఉంటే నా రోజు నాకు మిగిలేది గదా.

ఫోన్ ఆపేసి జేబులో పెట్టాడు. హమ్మయ్య, ఇప్పుడైనా నదిని చూస్తాడనుకున్నాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోయాడు. ఆయన గురక వింటూ సాయంత్రం దాకా నేనొక్కదాన్నే డాన్యూబ్‌ను చూశాను. పటంలో నీలం గీత. ఇక్కడ నీలం అసలు లేదు. అయినా ఎంత చూసినా తనివి తీరలేదు.

మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి కామారెడ్డిలో దిగాం. బస్టాండుకు ఆటో మాట్లాడుతుంటే ఎదురుగా బావగారు కారు పక్కన నిలబడి ఉన్నారు.

"బస్సుల్లేవట. మీ అక్క పొమ్మన్నది" అన్నారు నాతోనే. వెనకాల బస్టాండుకు పోయే రోడ్డు మీద ఎల్లారెడ్డి బస్సు హారన్ కొడుతూ పోతోంది. నేను ఆటో అతనికి వద్దని చెప్పాను.

మా ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కారు ఊరు దాటింది. వడ్ల సంగతి ఎత్తాలని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లూ కిటికీ అద్దమే దించాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి బావగారే రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అడిగారు.

"ఆ నది ఎంత ఉంటదిరా? మన మంజీర అంత ఉంటదా?"

మా ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. దిక్కులేని చూపు. దినమంతా దాని పక్కనే నడిచి ఒక్కసారి కూడా చూడని మనిషి ఏం చెప్తాడు? నేను అందుకోలేదు. "మీ తమ్ముడే చెప్తడు బావా" అన్నాను.

"శానా పెద్దదే అన్నా" అని మొదలుపెట్టాడు. "మంజీరకు నాలుగింతలుంటది. నీళ్లు నీలం, గాజు లెక్క."

"మొసండ్లున్నయా?"

"ఉన్నయే. గట్టు మీద పండుకుంటయి. మేం దూరంకెల్లి చూసినం."

బావగారు కారు నెమ్మది చేసి, ఎంత పొడుగున్నాయని అడిగారు. మా ఆయన చేతులు చాపి చూపిస్తున్నాడు. లింగంపేట దాటేసరికి ఆ మొసళ్లు పెరిగి పెరిగి కారు పట్టనంత అయ్యాయి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం లేదు.

డాన్యూబ్‌లో మొసళ్లు లేవు. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నదాన్ని, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సంచులు ఒళ్లో పెట్టుకుని, ఎల్లారెడ్డి దాకా వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చున్నాను.