బల్ల మీద పత్తి మంచు

క్రిస్మస్ కార్డుల మీద మంచు ఎందుకు వేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. మా ఎమ్మిగనూరులో డిసెంబరు మధ్యాహ్నం కూడా గొడుగు లేనిదే బయటికి పోలేం.

అయినా బీయస్సీ బాటనీ ముగించిన ఏడాది, పండుగ భోజనాల బల్ల మీద మంచు కురిపించి తీరాలని పట్టుబట్టినాను. ఆ రోజు ఆదోని నుంచి పత్తి మిల్లు మేస్త్రి ఒకాయన, తన కూతురికి నన్ను చూసుకోవడానికి వస్తున్నాడు మరి. మూడు చేలు తిరిగి, చేతులు గీరుకుపోయినా వదలక, పగిలిన కాయలున్న పత్తి కట్టెలు విరుచుకొచ్చినాను.

“పొయ్యిలో పెట్టే కట్టెలు బల్ల మీద యాలరా?” అంది అమ్మ.

“చూస్తాండుమా,” అన్నాను.

వాటిని ఇత్తడి చెంబులో నిలబెట్టి, చుట్టూ వేపరెమ్మలూ బంతిపూలూ కట్టి, పక్కన లావుపాటి కొవ్వొత్తి పెట్టినాను. నిజంగానే బాగుంది. మేస్త్రి కూర్చోగానే దర్జాగా వెలిగించినాను. ఆ వేడికి పత్తికాయల్లోంచి ఎర్రటి పురుగులు ఒక్కొక్కటే దిగి, ఆయన పలావు వైపు బయలుదేరినాయి. అమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పురుగులు మాత్రం ఏమీ తొందరపడలేదు. పట్టుదల మంచిదే గానీ, దులపడం ఇంకా మంచిదని ఆ పూట తెలుసుకున్నాను.

మేస్త్రి పళ్లెం పక్కకు జరిపి నావైపు చూసినాడు.

“పత్తి కట్టె ఇంట్లోకి తెచ్చేముందు ఎండలో పెట్టి దులపాలని మా మిల్లులో బడి మొగం సూడనోళ్లకు గూడా తెలుసు. నువ్వు సదివింది ఏందప్పా?”