మూడో గేరు పట్టుకున్న మూడేళ్లు

నాకు కారు నడపడం రాదు. ఇప్పటికీ రాదు. కానీ గేరు సంగతి నాకు తెలిసినంతగా ఖమ్మం జిల్లాలో ఇంకెవరికీ తెలియదని చాలాకాలం నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఆ జ్ఞానం పుస్తకాల వల్ల వచ్చింది కాదు, మోకాళ్ల వల్ల వచ్చింది.

ఎనభైల చివర్లో నా మొదటి ఉద్యోగం చర్ల అవతల అడవిలో, ఒకే ఒక్క టీచరున్న బడిలో. మాది సత్తుపల్లి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. భూములు సగం పోయాయి, నోరు మాత్రం అందరికీ వాటాలు లేకుండా పూర్తిగా వచ్చింది. నాకు మరీనూ. సోమవారం పొద్దున భద్రాచలంలో బయల్దేరి చర్ల వెళ్లేవాణ్ణి, శనివారం మధ్యాహ్నం తిరిగి వచ్చేవాణ్ణి. బస్సు ఉందని అనేవాళ్లు గానీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేదు. కిరాయి జీపే దిక్కు.

ఆ జీపులో ముందు నలుగురు, మధ్యలో ఐదుగురు, వెనక ఎంతమందో దేవుడికి తెలియాలి. ముందు నలుగురిలో ఒకరిది గేరు సీటు. అంటే డ్రైవరు పక్కనే, గేరు రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలి. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా మోకాలు తప్పించాలి, లేకపోతే రాడ్డే తప్పిస్తుంది. ఆడవాళ్లు అక్కడ కూర్చోరు. పొట్ట ఉన్నవాళ్లు పట్టరు. క్యాంపు పోలీసులకు తుపాకీ అడ్డం. తాగినవాణ్ణి డ్రైవరు రానివ్వడు. ఇన్ని వడపోతల తర్వాత మిగిలింది నేను, బక్కపంతుల్ని.

డ్రైవరుది బూర్గంపాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను సారూ అనేవాడు. భార్య ఖమ్మంలో ఒక దవాఖానాలో ఆయా. ఇద్దరు ఆడపిల్లలూ తల్లి దగ్గరే ఉండి అక్కడే బడికి వెళ్లేవాళ్లు. ఇతను పదిహేను రోజులకొకసారి ఆదివారం వెళ్లి చూసొచ్చేవాడు.

"చిన్నదానికి నేనంటే కొత్త సారూ," అని ఒకసారి చెప్పాడు. "పోయినసారి నన్ను జూసి, అమ్మా ఎవరో వచ్చిండు అన్నది."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా దూరం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, అది నా విషయంలో చిన్న విశేషం కాదు.

ఎందుకంటే మొదటి నెలంతా ఆ సీట్లో కూర్చుని నేను ఆపకుండా మాట్లాడాను. అన్నా, ఆ గుంట తప్పించాల్సింది. అన్నా, ఎద్దుల బండి వస్తోంది, కనిపించిందా? అన్నా, రెండో గేరు గర్రుమంది, క్లచ్ పూర్తిగా తొక్కలేదు నువ్వు. అతను అవ్ సారూ, అవ్ సారూ అనేవాడు. రెండో నెలలో ఒకరోజు వాగు దాటాక మూడో గేరు టక్కున జారి బయటికొచ్చేసింది. అతను మళ్లీ వేసి, "సారూ, జర పట్టుండ్రి," అన్నాడు. నేను రాడ్డు పిడిని అదిమి పట్టుకున్నాను. చర్ల వచ్చేదాకా వదల్లేదు.

అప్పట్నుంచి అది నా ఉద్యోగం. అతను మూడో గేరు వేస్తాడు, "పట్టుండ్రి" అంటాడు. మార్చాల్సి వస్తే "ఇడువుండ్రి" అంటాడు. మధ్యలో నేను కళ్లు చిట్లించి, పిడి కింద ఇంజను గుండె ఎలా కొట్టుకుంటోందో వింటూ ఉంటాను. ఎండాకాలం గేరు వదులుగా ఉంటుందనీ, వానాకాలం బిగుస్తుందనీ, బరువు వెనక ఉంటే ఎక్కువ జారుతుందనీ కనిపెట్టాను. వారం వారం అతనికి నివేదిక ఇచ్చేవాణ్ణి. "ఈ వారం కొంచెం తేలికగా ఉందన్నా." "గట్లనా సారూ," అనేవాడు చాలా శ్రద్ధగా.

ఇలా మూడేళ్లు గడిచాక ఖమ్మంలో మా మావయ్య ఎర్ర కారు కొన్నాడు. మావయ్య అంటే మా అమ్మకు పెదనాన్న కొడుకు, రాయి క్రషర్ల వ్యాపారం. కారుకు బయటి దేశం ఇంజను, ఐదు గేర్లు. మేమంతా నాలుగు గేర్లకే అలవాటు పడ్డ జనం. ఆ ఐదోదాన్ని చూడ్డానికి బంధువులు వచ్చిపోతూ ఉండేవాళ్లు. మావయ్య కారు కదల్చకుండానే గేర్లు వేసి చూపించేవాడు.

"రెండు వేళ్లు చాలురా. గడ్డ పెరుగులో గరిటె దిగినట్టు పడుద్ది," అనేవాడు.

అంత మంచి గేరుకు తగ్గ డ్రైవరు దొరకలేదు. మావయ్యకు కళ్లు సరిగా ఆనవు, తను నడపలేడు. నలుగురిని పెట్టుకుని నలుగుర్నీ పంపేశాడు. లారీ నడిపినవాడు గేరును గునపంలా పొడిచాడట. మిగతావాళ్ల తప్పు అంతకంటే ఘోరం. వాళ్లు గేరు మార్చాక చెయ్యి దాని మీదే ఆనించి కూర్చున్నారు. అలా ఆనిస్తే లోపల అరిగిపోతుందని మావయ్యకు ఎవరో చెప్పారు.

"గేరు మీద చెయ్యి ఆనించేవాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వను," అన్నాడు.

ఇదంతా విని కూడా నేను, "నా దగ్గర ఒక మనిషి ఉన్నాడు మావయ్యా," అన్నాను. జీతం ఖమ్మంలో, ఇల్లు ఖమ్మంలో, పిల్లలు ఖమ్మంలో. సోమవారం జీపులో ఆ మాట చెప్పినప్పుడు అన్న బండిని రోడ్డు పక్కన ఆపేశాడు.

"ఐదో గేరు నేనెన్నడు ఎయ్యలే సారూ," అన్నాడు.

"నేను నేర్పిస్తా," అన్నాను. క్లచ్ ఏ కాలితో తొక్కుతారో నాకు అప్పటికీ ఖచ్చితంగా తెలియదు.

చర్లలో మేం టీ తాగే హోటల్లో ఒక పెద్దమ్మ పొద్దున్నే కుండ నిండా అంబలి కాచేది. గడ్డ పెరుగు ఆ చుట్టుపక్కల దొరకదు కాబట్టి అంబలే గతి. కుండలో గరిటె నిలబెట్టి అన్న చేతికిచ్చాను. ఒకటి పైకి, రెండు కిందికి, మధ్యలో మూడూ నాలుగూ, కుడి పక్కకు తోసి పైకి ఐదు. రెండు వేళ్లతోనే. అంబలి తొణకకూడదు. అన్నకు పాత అలవాటు. జీపు గేరు పడాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, భుజంతో నెట్టాలి. అంబలిలోనూ భుజంతోనే నెట్టాడు. మొదటిరోజు నా చొక్కా మీద, రెండోరోజు పెద్దమ్మ చీర మీద పడింది.

"తాగుతరా, దున్నుతరా?" అని అడిగింది పెద్దమ్మ.

నేను బడిలో నల్లబల్ల మీద ఐదు గేర్ల బొమ్మ గీసుకుని చూసుకుంటూ, ఒక శనివారం చెరపడం మరిచిపోయాను. సోమవారం వెళ్లేసరికి పిల్లలందరి పలకల మీదా అదే ఉంది. ఇదేం అక్షరం సార్ అని అడిగారు. పెద్దయ్యాక వస్తుందని చెప్పాను.

పరీక్ష ఒక ఆదివారం పొద్దున. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు బయట విప్పి మరీ కారెక్కాడు. పక్క సీట్లో మావయ్య. వెనక నేనూ, అత్తయ్యా. మీరు కొట్టుకుంటే విడదీయడానికి ఒకరు ఉండాలి కదా అని ఆవిడ కూడా వచ్చింది. కొత్తగూడెం రోడ్డు పట్టాం.

మొదటి గేరు బాగానే పడింది. రెండోదానికి అన్న భుజం కదిలింది. టక్‌మని చప్పుడైంది. మావయ్య తనకే తగిలినట్టు "అబ్బా" అన్నాడు.

"వేళ్లయ్యా, వేళ్లు. భుజం కాదు."

మూడోదానికి అన్న క్లచ్ రెండుసార్లు తొక్కాడు.

"రెండుసార్లు ఎందుకు తొక్కుతున్నావు? ఇదేమన్నా కుట్టు మిషనా?"

ఇక మావయ్య ఆగలేదు. కుక్క వస్తోంది చూడు. హారన్ కొట్టు. ఇంత హారన్ ఎందుకు. గేరు మార్చు, ఇంజను ఏడుస్తోంది. ఇప్పుడెందుకు మార్చావు. అన్న మెడ వెనక చెమట కాలరులోకి కారుతోంది. అతను ప్రతి మాటకూ అవ్ సారూ అంటున్నాడు, ప్రతి అవ్ సారూకీ ఒక గేరు చెడుతోంది. ఇంకో మైలు ఇలాగే పోతే ఆ చిన్నపిల్ల తండ్రిని ఎవరో వచ్చిండు అనుకుంటూనే పెరుగుతుంది. మావయ్య మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మనిషి తన పని తను చేసుకుంటుంటే పక్కన కూర్చుని అంత నస పెట్టేవాళ్లుంటారా అనుకున్నాను.

అప్పటికి ఊరు దాటాం, రోడ్డు ఖాళీ అయింది. అన్న నాలుగో గేరు వేశాడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఒక్క నిమిషం పిల్లను ఎత్తుకోండి అన్నంత మామూలుగా, "సారూ, జర పట్టుండ్రి," అన్నాడు.

నా చెయ్యి రెండు సీట్ల మధ్యలోంచి ముందుకు వెళ్లిపోయింది. కానీ మావయ్య చెయ్యి దగ్గర. ఆయన పట్టేసుకున్నాడు.

గేరు మీద చెయ్యి ఆనించేవాణ్ణి గుమ్మం తొక్కనివ్వనన్న మనిషి, పిడిని గుప్పిట్లో పట్టుకుని, ముందుకు వంగి, కళ్లు చిట్లించి కూర్చున్నాడు. కారులో నిశ్శబ్దం. మా కుటుంబంలో నలుగురు కూడిన చోట అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. టైర్ల చప్పుడు వినిపించింది. ఎదురుగా లారీ వస్తే అన్న "ఇడువుండ్రి" అన్నాడు. మావయ్య చెయ్యి ఎత్తాడు. అన్న రెండు వేళ్లతో మూడుకు దించాడు, చప్పుడే లేదు. లారీ వెళ్లింది. రెండు వేళ్లతో నాలుగు, అట్నుంచి కుడికి తోసి ఐదు. "పట్టుండ్రి." మావయ్య పట్టుకున్నాడు. ఎర్ర కారు ఊపు అందుకుంది. చెట్లు వెనక్కి పోతున్నాయి, ఒంటికి కుదుపు లేదు. గడ్డ పెరుగులో గరిటె అంటే ఏమిటో ఆరోజు చూశాను.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంటికొచ్చి దిగాక మావయ్య తన అరచెయ్యి చూసుకున్నాడు. అప్పుడు వెలిగింది ఆయనకు.

"కొత్త కారు కదరా, గేరు ఎందుకు జారుద్ది?" అని నన్నడిగాడు. "గేరు మీద చెయ్యి పెట్టి..." అని మొదలుపెట్టి, ఆ చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాడు.

నేనొక అబద్ధం వెతుక్కునేలోపే అత్తయ్య అందుకుంది. "పెళ్లయిన ఇన్నేళ్లలో మీతో ఒక గంట ప్రశాంతంగా ప్రయాణం చేసింది ఇవాళే. ఇతన్ని పెట్టుకోండి. లేదంటే నేను పెట్టుకుంటా."

వచ్చే నెల నుంచి రమ్మన్నారు.

అన్నా నేనూ బస్టాండు దాకా నడుచుకుంటూ వెళ్లాం. దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి అతను పిల్లలకు బిస్కెట్లు కొన్నాడు. నాకు సంతోషం ఆగలేదు, అందులోనే నా గొప్ప కూడా ఆగలేదు.

"అలవాటు చూశావా అన్నా. మూడేళ్లు నాతో తిరిగావు కదా, నోట్లోంచి అదే వచ్చేసింది. కొంచెంలో ఉద్యోగం పోయేది."

అన్న బిస్కెట్ పొట్లం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అలవాటు గాదు సారూ. మీ మావయ్య నోరు ఆగాలంటే చేతికి పనుండాలె. మీ ఇంటోళ్లందరు గట్లనే ఉన్నరు."

నేను ఆగిపోయాను. 'అందరు' అనే మాట దగ్గర ఆగిపోయాను.

"అన్నా, మన జీపు మూడో గేరు జారుతుంది కదా?"

"జారేది సారూ. అప్పుడు నిజంగనే జారేది. మొదటి ఏడు దసరాకే బాగు జేయించిన."

అంటే రెండున్నరేళ్లు. ఎండాకాలం వదులు, వానాకాలం బిగువు, వారం వారం నివేదికలు. బాగుపడ్డ గేరును రెండున్నరేళ్లు పట్టుకుని, అది బాగుపడిందని పోల్చుకోలేని నిపుణుణ్ణి నేను. చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి గట్టిగా అందామని నోరు తెరిచాను. అతను బిస్కెట్ పొట్లం నా చేతిలో పెట్టి, "జర పట్టుండ్రి సారూ," అని చెప్పు తెగిందేమో చూసుకోవడానికి వంగాడు. చెప్పు తెగలేదు.

ఇద్దరం రోడ్డు మీదే పడిపడి నవ్వాం. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. అవి నవ్వుకొచ్చినవే అనుకున్నాను.

తర్వాతి నెల మొదటి సోమవారం జీపుకు కొత్త డ్రైవరు వచ్చాడు. వయసులో నాకంటే చిన్న, మాట తక్కువ. నేను అలవాటైన సీట్లో అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నాను. వాగు దాటాక అతను మూడో గేరు వేశాడు. నేను పిడి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకున్నాను.

"ఎందుకు సార్? గది జారదు," అన్నాడు.

"తెలుసు," అన్నాను. చర్ల వచ్చేదాకా వదల్లేదు.