కంప్యూటరుకు పవళింపు సేవ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పనిచేసే ప్రతి వస్తువుకూ విశ్రాంతి కావాలి, ఆ విశ్రాంతి ఇవ్వడం మన బాధ్యత అని. ఈ నమ్మకం నాకు బడిలో అబ్బింది కాదు, ఎందుకంటే నేను బడి మొహమే చూడలేదు. శ్రీనగర్ కాలనీలో మా నాన్న అర్చకత్వం చేసే చిన్న గుడి, దాని వెనక మా రెండు గదులు, ఆ గదుల్లో అమ్మే నా పంతులమ్మ. పలకా బలపం నుంచి డిగ్రీ దాకా ఆవిడ దగ్గరే చదివి, పరీక్షలు మాత్రం బయటికెళ్ళి రాసొచ్చాను. (హాలులో పక్కనున్న అమ్మాయి పెన్ను అడిగితే, నాతో మాట్లాడిందన్న సంతోషంలో నా దగ్గరున్న ఒక్క పెన్నూ ఇచ్చేసి పావుగంట ఖాళీగా కూర్చున్న ఘనత నాది.) మా ఇంట్లో వాడని వస్తువు మేలుకుని ఉండకూడదు. చదివిన పుస్తకం గుడ్డలోకి, హార్మోనియం పెట్టెలోకి వెళ్ళిపోవాలి. స్వామికి పవళింపు సేవ చేసేటప్పుడు నాన్న ముందు బయటి మండపంలో దీపాలు కొండెక్కించి, ఆ తరువాత లోపలివి, ఆఖరున గర్భగుడి దీపం తగ్గించేవారు. పొద్దున్న మేలుకొలుపులో ఇది తిరగబడేది. గర్భగుడి దీపం ముందు వెలగాలి, దాన్నుంచే మిగతావన్నీ వెలిగించాలి. ఇరవై రెండేళ్ళు ఇది చూస్తూ పెరిగినదాన్ని తీసుకెళ్ళి ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పడేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

నాకు పైవాడు ఆ స్టూడియో సౌండ్ ఇంజనీరు. అందరూ సౌండన్న అనేవారు, నేనూ అదే అన్నాను. కాకినాడ మనిషి, మాటలో వెటకారం, మనసులో వెన్న. మొదటి రోజే చెప్పేశాడు: "చూడమ్మా, మూడు నెలలు చూస్తాను. పని వస్తే ఉంటావు, రాకపోతే మీ నాన్నగారికి ప్రసాదం పొట్లాలు కట్టుకోవచ్చు." నేను తలూపి, కీబోర్డును తాకి కళ్ళకద్దుకున్నాను. ఆయన కాసేపు నన్నే చూసి, "అది షాక్ కొట్టదులే" అన్నాడు.

నా బాధల్లా ఆ కంప్యూటరు గురించే. పొద్దున్న తొమ్మిదికి నేను వెళ్ళేసరికి మేలుకునే ఉండేది. ఆర్టిస్టులు భోజనానికి వెళ్ళినా, సౌండన్న బాల్కనీలో గంటసేపు ఫోన్లో మాట్లాడినా, దాని ఫ్యాను గుయ్‌మంటూ తిరుగుతూనే ఉండేది. ఒంటిమీద చెయ్యివేస్తే జ్వరం వచ్చినదానిలా కాలేది. నాకు కూర్చోబుద్ధయ్యేది కాదు. లేచి దాని చుట్టూ తిరిగేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని. ఆఖరికి ఒకరోజు ఎవరూ లేనప్పుడు సెట్టింగులు తెరిచి, పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోయేలా పెట్టాను. అది నిద్రపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాలు గడవకుండా మళ్ళీ లేచి కూర్చుంది.

సంగతేమిటంటే, మా గదికి పైన మిక్సింగ్ థియేటర్. అక్కడ ఏదో ఫైట్ సీను నడుస్తోంది. హీరో తన్నినప్పుడల్లా మా బల్ల వణికేది, బల్లమీద మౌస్ ఒక్క నూలుపోగంత జరిగేది, అది చాలు మా మెషీన్ ఉలిక్కిపడి లేవడానికి. (ఆ హీరో ఆ మధ్యాహ్నం ఎంతమందిని కొట్టాడో లెక్కలేదు, ప్రతి దెబ్బా నాకే తగిలింది.) పసిపిల్లను జోకొట్టి పడుకోబెడితే గుమ్మంలో ఎవరో తలుపు బాదినట్టయింది నాకు. మళ్ళీ సెట్టింగుల్లోకి వెళ్ళాను. అక్కడొక జాబితా కనిపించింది. కంప్యూటరుకు తగిలించిన ప్రతి పరికరం పేరు, దానికింద రెండు గళ్ళు. ఈ పరికరం కంప్యూటరును నిద్రలేపవచ్చా అని ఒకటి, పొదుపు కోసం ఈ పరికరానికి కరెంటు ఆపవచ్చా అని ఇంకొకటి. ఆ జాబితా చూడగానే స్వామి దయవల్ల దారి దొరికిందనుకున్నాను. మౌస్‌కు లేపే హక్కు తీసేశాను. మౌస్‌ను ఆపి కీబోర్డును వదిలితే పక్షపాతమవుతుందని దానికీ తీసేశాను. ఇక ఎవరికీ ఉండకూడదని అందరికీ తీసేశాను. చేతులు కడుక్కునే ముందు, పొదుపు కూడా మంచిదే కదా అని రెండో గడిలో అందరికీ టిక్కులు పెట్టాను. హార్డుడిస్కు, సౌండు పెట్టె, ఆ రెంటి వైర్లూ వచ్చి గుచ్చుకునే హబ్బు, అందరికీ.

ఆ మర్నాడే, రాత్రి ఆపిన మెషీన్‌ను సౌండన్న మళ్ళీ వేసిన కాసేపటికే, అత్తగారు వచ్చారు. నా అత్తగారు కాదు. ముప్పై ఏళ్ళుగా తెర మీద కోడళ్ళను ఏడిపించిన నటి, అందుకని పరిశ్రమంతా ఆమెను అత్తగారనే పిలిచేది. ఈ సినిమాలో మాత్రం ఆమెది కన్నతల్లి వేషం, మూడు నిమిషాల ఏడుపు సీను. మరుసటి వారం ఆమెకు గొంతు ఆపరేషన్. తరువాత గొంతు ఎలా ఉంటుందో డాక్టరు చెప్పలేనన్నాడట. ఆ రోజుకు మాత్రం అరగంట మాట్లాడమని అనుమతిచ్చాడు. "అరగంటలో ఇరవై నిమిషాలు సౌండన్నను తిట్టడానికి అట్టేపెట్టాను, పదిలో సీను అయిపోవాలి" అన్నారామె వస్తూనే.

సీను ఒక్క టేకులో అయిపోయింది. గాజు ఇవతల నిలబడి నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆఖరి మాట తరువాత ఒక నిట్టూర్పు, ఆపైన మామూలు గొంతుతో "అమ్మయ్య, అయిపోయింది, కాఫీ తెప్పించండి" అన్నది కూడా రికార్డయింది. సౌండన్నకు ఒక పట్టింపు ఉండేది. మంచి టేకును వెంటనే సేవ్ చేయడు, దిష్టి తగులుతుందట. ముందు కాఫీ, తరువాత ఆర్టిస్టుతో కలిసి వినడం, ఆమె సరేనన్నాక సేవ్. మా పాత సాఫ్ట్‌వేరేమో సేవ్ అనేదాకా టేకును తన జ్ఞాపకంలోనే పట్టుకుని ఉండేది, డిస్కులోకి దించేది కాదు. అందరం బాల్కనీలోకి వెళ్ళాం. అత్తగారు ఇక నోరు విప్పకుండా కాగితం ముక్కల మీద రాసి చూపిస్తున్నారు. నేను నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంటే నాకూ ఒకటి అందింది: "కూర్చో తల్లీ, నిన్ను చూస్తే నాకు ఆయాసం వస్తోంది."

తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. సౌండన్న మౌస్ కదిపాడు. కీబోర్డు నొక్కాడు, తరువాత బాదాడు. ఏమీ లేదు. "చచ్చిందమ్మా ఇది. మొన్న ఆ భాయ్ బాగుచేసినప్పుడే అనుకున్నాను. ఆ మనిషిని ఇంక గేటు దాటనివ్వను" అంటూ ప్లగ్గు పీకి మళ్ళీ పెడదామని స్విచ్చుబోర్డు వైపు నడిచాడు. భాయ్ అంటే రహమత్ నగర్ నుంచి వచ్చి మా మెషీన్లు బాగుచేసే పెద్దమనిషి. నిద్రపోతున్న కంప్యూటరు చిన్న కరెంటుతో జ్ఞాపకాన్ని మాత్రం కాపాడుకుంటుందని, ఆ కరెంటు పోతే అన్నీ పోతాయని సెట్టింగుల పేజీలోనే చదివాను. నేనెలా పరుగెత్తానో తెలియదు, వెళ్ళి స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి చేతులు చాపి నిలబడ్డాను.

"జరుగమ్మా."

"జరగను అన్నా. అది చావలేదు. నిద్రపోతోంది."

"నిద్రేంటి?"

"నేనే పడుకోబెట్టాను. లేవకుండా కట్టడి కూడా నేనే చేశాను. భాయ్‌ది తప్పేం లేదు."

అత్తగారు తాపీగా ఒక ముక్క రాసి సౌండన్నకు చూపించారు: "తరువాత తిట్టు. ముందు భాయ్‌కి ఫోన్ చెయ్యి."

ఫోన్ స్పీకరులో భాయ్ నేను చెప్పిందంతా విని పెద్దగా నవ్వాడు. "గింతేనా? జర ఫికర్ చెయ్యకుండ్రి. పవర్ బటన్ ఉంది గదా, ఒక్కసారి ఒత్తి ఇడిచిపెట్టుండ్రి. ఒత్తిపట్టుకున్నరనుకో, ఖతం."

పడుకోబెట్టినదానివి నువ్వే లేపమని సౌండన్న నన్ను నొక్కమన్నాడు. అలవాటుకొద్దీ మనసులో మేలుకొలుపు రెండు ముక్కలు అనుకుని, తాకీ తాకనట్టు నొక్కాను. ఫ్యాను కదిలింది. తెరమీద మా టేకు గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సౌండన్న దిష్టి సంగతి మరిచిపోయి వెంటనే సేవ్ నొక్కాడు. డిస్కు కనబడటం లేదంది. చూస్తే హబ్బు మీద దీపాల్లేవు, డిస్కు చల్లగా ఉంది. అదే ఫోన్లో చెప్పాను.

"హబ్బు ఇంక లేవలే బేటా" అన్నాడు భాయ్. "పండుకునేటప్పుడు చిన్నోళ్ళను ముందు పండవెట్టాలె, పెద్దోళ్ళు ఆఖరికి. లేచేటప్పుడు పెద్దోళ్ళు ముందు లేవాలె. ఆ హబ్బు కిందనే డిస్కు బతుకుతది. హబ్బు లేవకుంటే అదెట్ల లేస్తది?"

మా నాన్న దీపాలు వెలిగించే వరసే కదా ఇది. డిస్కు వైరు హబ్బులోంచి పీకి, కంప్యూటరు వెనక నేరుగా, గర్భగుడి దీపం నుంచి వత్తి అంటించినంత భయంగా గుచ్చాను. ఒక నీలి చుక్క మినుకుమంది. సేవ్ అయింది. సౌండన్న కుర్చీలో కూలబడి, "మీ నాన్నగారికి చెప్పు, ప్రసాదం పొట్లాలకు ఇంకెవర్నైనా చూసుకోమని" అన్నాడు. ఉద్యోగం ఉందో పోయిందో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మర్నాడు మెషీన్ మీద ఆయన చేతిరాతతో ఒక చీటీ అతికించి ఉంది: "దీనికి పవళింపు సేవ నిషేధం."

అత్తగారు వెళ్తూ వెళ్తూ రాసిచ్చిన ఆఖరి ముక్క ఇప్పటికీ నా పూజగదిలో ఉంది. "నా గొంతును నీ వీపుతో కాపాడావు" అని. కాపాడవలసిన పరిస్థితి తెచ్చిందీ ఈ వీపేనని ఆమెకు తెలియక కాదు. ఆపరేషన్ తరువాత ఆమెకు మాట వచ్చింది గానీ ఆ గొంతు రాలేదు. పాత గొంతుతో ఆమె చేసిన ఆఖరి సీను అదే. అది దక్కినందుకు నేను భగవంతుడికి, భాయ్‌కి, ఆ పవర్ బటన్‌కి కూడా రుణపడి ఉన్నాను.

ఇప్పటి కంప్యూటర్లు ఎవరూ చెప్పకుండానే పడుకుంటాయి, పిలవగానే లేస్తాయి. సౌండన్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, నిద్ర పట్టనిది నాకే. ఫోన్ గుయ్‌మంటే లేస్తాను, గుయ్‌మనకపోతే ఎందుకు అనలేదని లేస్తాను. నన్ను లేపే హక్కు ఊళ్ళో అందరికీ ఇచ్చేసినట్టున్నాను. మొన్న ఆదివారం టీవీలో ఆ సినిమా వచ్చింది. ఇంట్లో వాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏడుపు ఆగింది, నిట్టూర్పు వచ్చింది, సీను మారిపోయింది. ఆ టేకులో నిట్టూర్పు తరువాత ఆమె అన్న మాట ఎవరికీ వినబడలేదు, నాకు తప్ప. లేచి వెళ్ళి కాఫీ పెట్టాను.