జీరంగి బొట్టు

ఆలూరు పక్క పల్లెల్లో గిడ్డమ్మ నోటికి జడవని మగవాడు లేడు. నోరే కాదు, చేతిలో పనితనమూ ఉంది. వానలు పడ్డాక తుమ్మచెట్ల కింద చచ్చి రాలిన జీరంగి పురుగుల్ని ఏరుకొచ్చేది. పచ్చగా నిగనిగలాడే పైరెక్కను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, వెనక మైనం రాసి బొట్లు చేసేది. మంత్రాలయం వచ్చిన ఆడవాళ్లు ఎగబడి కొనేవాళ్లు. అన్నిట్లోకీ పెద్ద బొట్టు మాత్రం ఆమె నుదుటి మీదే ఉండేది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆమె మొగుడు కంబన్న జ్వరంతో పోయాడు. పెద్దదినం నాడు గాజులు పగలగొట్టారు, కుంకుమ తుడిచారు. గిడ్డమ్మ పళ్లు బిగబట్టి ఊరుకుంది. జీరంగి బొట్టు మీదికి చెయ్యి వచ్చేసరికి మాత్రం దిగ్గున లేచి నిలబడింది.

"ముండమోసినదానికి మొగాన రంగు కూడదు మే, తీసెయ్!" అని గద్దించాడు కంబన్న వాళ్లన్న ఈరన్న. "తియ్యకుంటే ఈ ఇంట్లో నీకు కూడు లేదు."

"రంగా? దీంట్లో రంగు యాడుండాది బావా? రోట్లో ఏసి నూరండి. రవ్వంత పచ్చ కనపడినా నేనే పెరికి పారేస్తా."

అందరూ పగలబడి నవ్వారు. ఆ అన్నదమ్ముల తల్లి మహాదేవమ్మ నవ్వలేదు. గుప్పెడు రెక్కలు రోట్లో వేసి మెత్తగా నూరింది.

ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. జీరంగి రెక్కకు ఎవరూ పచ్చరంగు పూయలేదు. కంటికందనంత సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి మీద తీరూ తెన్నూ లేని గుంతలు. వెలుతురు వాటిలో పడి, చెదిరి, పచ్చగా తిరిగొస్తుంది. ఎటు నుంచి చూసినా మెరుస్తుంది. పొరలు నలిగితే ఆ పచ్చదనానికి నిలువనీడ ఉండదు. ఇదంతా గిడ్డమ్మకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో రంగు తీద్దామని రెక్కలు నూరి, రంగు రాక ఒళ్లు మండి పారబోసిందంతే.

రోట్లో మిగిలింది మట్టిరంగు పొడి.

"మరి కంటికి పచ్చగా కనపడ్తాందే!" అన్నాడు ఈరన్న, మొండిగా.

"కనపడేది నీ కండ్లకు బావా. మూసుకో."

ఈరన్నకు కోపంతో ఒళ్లు తెలియలేదు. బొట్టు పెరకడానికి చెయ్యి ఎత్తాడు.

"చెయ్యి దించురా!" మహాదేవమ్మ మధ్యలోకి వచ్చింది. "మీ నాయన పోయినప్పుడు నా మొగం మీద ఊరంతా చెయ్యేసింది. అడ్డం పడేదానికి ఒక్కరూ లేకపాయె."

పొడి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, కోడలి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పడుచుతనం దాటకముందే బోసిపోయిన నుదురు పైకెత్తింది.

"నాకూ ఒకటి అతికించు మే. ఎవడు తీస్తాడో చూస్తా."