పథ్యం అన్నాం, ఆల్బుమిన్ పడిపోయింది

1968 జూన్‌లో నన్ను పాతపట్నం నుంచి విజయనగరంలోని ఒక ఆసుపత్రికి బదిలీ చేశారు, రెండో గ్రేడు ల్యాబ్ టెక్నీషియన్‌గా. నా పైన సీనియర్, ఆయన పైన డాక్టర్లు. మా రిపోర్టు కాగితం వార్డుకి వెళ్లాలి, మేం వెళ్లకూడదు. అదీ అక్కడి పద్ధతి. పిల్లలూ, నేను గొంతు పెంచడం మీరెప్పుడూ విని ఉండరు. ఈ సంగతి తలుచుకుంటే మాత్రం నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వానాకాలం పైడమ్మ అనే బాలింతను చేర్చారు. కాన్పయి నెలన్నర. కాళ్లు ఉబ్బిపోయి, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. పెద్ద డాక్టరుగారు నీరు దిగడానికి ఇంజెక్షన్లు రాశారు. పైడమ్మ అత్తగారితో "ఉప్పు లేకుండా పథ్యం పెట్టండి" అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయారు.

రక్తం నా దగ్గరికొచ్చింది. రక్తం గడ్డకట్టాక పైన తేరే పచ్చటి ద్రవాన్ని సీరం అంటాం. గడ్డ కట్టించే ఫైబ్రినోజన్ ఆ గడ్డలోనే ఉండిపోతుంది. సీరంలో మిగిలే ప్రోటీన్లు ముఖ్యంగా రెండు రకాలు. రోగాలతో పోరాడేవి గ్లోబ్యులిన్లలో ఉంటాయి. ఆల్బుమిన్ పని వేరు, అది నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతుంది. అది తగ్గితే నీరు బయటికి జారి ఒళ్లు ఉబ్బుతుంది. సోడియం సల్ఫేటు కలిపి గ్లోబ్యులిన్లను వడగట్టేసి, మిగిలినదానికి బైయూరెట్ ద్రావణం పోస్తే ఊదారంగు తేలుతుంది. ఆ రంగు చిక్కదనమే లెక్క. నూరు మిల్లీలీటర్లకు మూడున్నర గ్రాములకు పైన ఉండాల్సిన ఆల్బుమిన్ రెండే ఉంది. వారం తర్వాత చూస్తే ఒకటిన్నర.

మూత్రం కాచి చూశాను, విరగలేదు. అంటే ప్రోటీను అటు పోవడం లేదు. ఆల్బుమిన్ తయారుచేసేది కాలేయం, దాని పరీక్షలూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది తిండి. సీనియర్‌తో అంటే, "నంబరు రాసి పంపడం వరకే మన పని తల్లీ" అన్నారు.

మధ్యాహ్నం అన్నాల వేళ వార్డుకి వెళ్లాను. అత్తగారు చప్పిడి వెల్లుల్లి పొడితో అన్నం కలుపుతోంది. ఆసుపత్రి ఇచ్చిన గుడ్డు, పాలు పక్క మంచానికి వెళ్లిపోయాయి.

"గుడ్డు పెట్టలేదేమమ్మా?" అన్నాను.

"పచ్చి బాలింతకి గుడ్డేటమ్మా? పప్పెడితే సీము పడతాది, పాలిస్తే నీరు పడతాది. రెండు నెల్లకి పత్తెం ఇడిసేద్దామనుకున్నాను. పెద్ద డాక్టరు బాబే ఇంకా ఎట్టమన్నాడు."

పైడమ్మ కళ్లు తెరవకుండానే అంది. "నేను సచ్చినాక ఆ గుడ్డు నువ్వే తిను అత్తా."

"నోర్ముయ్యే! నువ్వు బతకాలనే గదే నా కడుపు కాల్సుకుని కూకున్నాను."

నేను సరాసరి డాక్టరుగారి గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన వార్డుకొచ్చి అందరి ముందూ ఆ ముసలమ్మను మూర్ఖురాలని తిట్టారు.

"నువ్వే గద బాబూ పత్తెం అన్నావు. నాకు తెలిసిన పత్తెం ఒకటే" అంది ఆవిడ.

ఇంజెక్షన్లు ఆపారు. పప్పు, పాలు, గుడ్లు, ఉప్పులేని చేపల కూర మొదలుపెట్టారు. ఆల్బుమిన్ త్వరగా పెరగదు. అయిదు వారాలకి మూడుకి చేరింది. పైడమ్మ నడిచి ఇంటికి వెళ్లింది.

కేసు షీటులో మాత్రం "బంధువులు ఆహార నియమం పాటించలేదు" అని రాశారు. అది పచ్చి అబద్ధం. ఆవిడ అక్షరం తప్పకుండా పాటించింది. అందుకే కోడలు చావుదాకా వెళ్లింది. అనుమతి లేకుండా వార్డుకి వెళ్లినందుకు నాకు మెమో ఇచ్చారు. పథ్యం అన్న మాట మన నోటినుంచే వచ్చిందని జవాబు రాసిచ్చాను. సీనియర్ మెత్తగా మార్చి రాయమన్నారు. నేను మార్చలేదు. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆపేశారు. కేసు షీటును ఎవరూ దిద్దలేదు.

తర్వాత ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రిపోర్టు మీద ఒట్టి అంకె రాసి ఊరుకోలేదు. ఎవరైనా తిండి గురించి అడిగితే పథ్యం అనలేదు. తినాల్సినవాటిని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకున్నాను.